లక్ష పట్టని గడి

మా నాయన మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు.

నేను మదనపల్లె దగ్గర అంగళ్లులో ఇంజనీరింగ్ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతాను. అప్పుడు నాయనను కుప్పంలో ఆసుపత్రిలో చేర్చాం. తెల్లవారితే గుండె ఆపరేషన్. అక్క ఆయన దగ్గరుంది. పుంగనూరు ఇంట్లో అమ్మ, నేను. ఆపరేషన్‌లోపు లక్షసార్లు రామనామం పూర్తి చేస్తానని అమ్మ మొక్కుకుంది. లెక్క తప్పకుండా నేనే ఒక చిన్న పెట్టె చేసిచ్చాను. బటన్ నొక్కితే టిక్‌మంటుంది, తెర మీద అంకె ఒకటి పెరుగుతుంది.

రాత్రి పదింటికి అమ్మ కేక.

"అబ్బోడా, ఈడికి రా! అంకె ముందర గీత యాల పడింది? జపించిందంతా సామి వెనక్కి ఇచ్చేసినాడా?"

తెర మీద... మైనస్ 32,768.

సిగ్గుతో చచ్చిపోయాను. పెట్టెలోని బోర్డులో మామూలు అంకెల గడికి 32,767 దాకే చోటు. ఇంకొక్కటి కలిపితే మైనస్‌లోకి తిరగబడుతుంది. ఏటా మొదటి వారమే పిల్లలకు చెప్పే పాఠం. లక్ష అన్న మాట చెవిన పడి కూడా అమ్మ చేతికి లక్ష పట్టని గడి ఇచ్చాను.

"తప్పు నాది లేమ్మా, సామిది కాదు. సరిచేస్తా."

"ఇంకా శానా ఉండాది నాయనా. తెల్లారేలోపల అయ్యేది కాదు." అమ్మ పెట్టె నా చేతిలో పెట్టింది.

పెద్ద గడి పెట్టి 32,768 నుంచి మొదలుపెట్టించాను. అమ్మ కాసేపు నొక్కి, గోడకు ఆనుకునే నిద్రపోయింది. ఆరు రోజులుగా కంటిమీద కునుకు లేదు మరి. పెట్టెను దేవుడి గూట్లో పెట్టి నేనూ పడుకున్నాను.

టిక్.

కళ్లు తెరిచాను.

టిక్... టిక్... టిక్...

అమ్మ చేతులు ఒళ్లో ఉన్నాయి. సన్నగా గురక. గూటి దగ్గరికి వెళ్లాను. దీపం వెలుగులో బటన్... దాని మీద అమ్మ వేలి కుంకుమ... అది కదలడం లేదు. అంకె మాత్రం పెరుగుతోంది. ముప్పై నాలుగు వేలు దాటింది... ఒకటి... ఇంకొకటి...

బటన్ లూజై ఉంటుంది. చెమటకు తీగలు కలిసి ఉంటాయి. బ్యాటరీ తీగ లాగితే చాలు. చెయ్యి చాపాను. తీగ వేళ్లకు తగిలింది కూడా. అప్పుడు నాయన గుర్తొచ్చాడు. ఆపేస్తే...?

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. భయమేసింది. ఎందుకో ఏడుపూ వచ్చింది. దుప్పటి కప్పుకుని వింటూ పడుకున్నాను. తెల్లవారేలోపు ముగించాలన్నట్టు ఆ చప్పుడు రానురాను వేగం పుంజుకుంది.

ఐదింటికి ఆగిపోయింది.

తెర మీద 1,00,000. లక్ష దగ్గర ఆగమని నేను రాయలేదు. ప్రోగ్రామంతా మళ్లీ మళ్లీ చదివాను. అలాంటి వరుసే లేదు.

నాయన బాగున్నాడు. మదనపల్లె మార్కెట్ యార్డుకు టమోటాలు ఇప్పుడూ ఆయనే తీసుకెళతాడు. అమ్మ మాత్రం వచ్చినవాళ్లందరితో ఒకటే మాట.

"రాత్రంతా నా కొడుకే నొక్కినాడప్పా. నిద్రలో టిక్కు టిక్కుమని నాకు వినపడతానే ఉండాది."

కాదని ఇంతవరకూ చెప్పలేదు. ఆ బటన్ నిజంగా లూజేనా అని పెట్టె విప్పి చూడనూ లేదు.