ముందు నా బొమ్మ మీరు వేయండి

మా ఆర్టిస్టుగారి చేత బొమ్మ వేయించుకోవాలంటే ముందు ఆయన బొమ్మ మీరు వేయాలి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. మీరు జడ్జీ కావచ్చు, జన్మలో పెన్సిలు పట్టనివారు కావచ్చు. అట్ట, కాగితం, పెన్సిలు మీ చేతిలో పెట్టి, తలుపు మూసి, తాను వెళ్ళి ఎదురుగా స్టూలు మీద కూర్చుంటారు. ఆయన మేడగది కింద పదిహేనేళ్ళుగా ఫ్రేములు కట్టుకుంటున్నవాణ్ణి కాబట్టి, ఈ పిచ్చి చూసి నాకన్నా ఎక్కువ నవ్వినవాడు లేడు.

"నాకు బొమ్మలు రావండీ" అన్నాడట ఓ బ్యాంకు మేనేజరు.

"నాకూ మొదట్లో రాలేదు. కూర్చోండి" అన్నారట ఈయన.

మేనేజరు స్కేలు అడిగి తీసుకుని మరీ గీశాడు. తల నలుచదరంగా తేలింది. పళ్ళ డాక్టరమ్మ ముప్పాతిక కాగితం నోటికే ఇచ్చేసి, మిగతా ముఖాన్ని పైన ఎలాగో సర్దింది. దర్జీ అయితే బొమ్మ పక్కన కొలతలు కూడా రాశాడు. ఆర్టిస్టుగారు ఒక్కోదాన్నీ వెలుతురులో పెట్టుకుని భక్తిగా చూసి, "ముక్కు మాత్రం అచ్చం నాదే" అనేవారు. ఆ ముక్కు కుళాయిలా ఉన్నా సరే. పైగా వాటన్నిటికీ ఫ్రేములు కట్టమని నా ప్రాణం తీసేవారు. మెట్ల గోడ నిండా రెండు వందల పైచిలుకు ముఖాలు వేలాడుతున్నాయి. ఒకదానికొకటి పోలిక లేదు, ఏ ఒక్కదానికీ ఆయనతో పోలిక లేదు.

ఇంతా చేసి ఆయన దిగులు ఒక్కటే, తనకంటూ ఒక శైలి లేదని.

"వీధి చివరి ఆర్టిస్టు అందరికీ మెడలు సాగదీస్తాడోయ్. చూడగానే ఆయన వేశాడని తెలిసిపోతుంది. నా బొమ్మ చూస్తే అది ఎవరిదో తెలుస్తుంది కానీ, ఎవరు వేశారో తెలియదు."

శైలి కోసం ఒక నెల ముఖాలన్నీ ఆకుపచ్చగా వేశారు. పోలీసు ఇన్‌స్పెక్టరు తన బొమ్మ చూసుకుని తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాడు. ఇంకో నెల వెడల్పాటి కుంచె పట్టారు. ఓ పెద్దావిడ ఆ రంగుల్లో తనెక్కడుందో వెతుక్కోవడానికి కళ్ళజోడు మార్చుకుని వచ్చింది. చివరికి విసిగిపోయి మళ్ళీ పాత పద్ధతికే వచ్చారు.

మా అక్క బడిలో హెడ్‌మిస్ట్రెస్. అంతకుముందు పనిచేసినవాళ్ళ బొమ్మలు ఆ బడి హాల్లో వరసగా ఉంటాయి. నెలాఖరుకు రిటైరవుతున్న అక్క బొమ్మ కూడా ఆ వరసలో పెడతామన్నారు. అక్క ససేమిరా అంది. మూడేళ్ళ కిందట జబ్బుచేసి ఆవిడ నోరు ఎడమవైపు కిందికి జారిపోయింది. అప్పటినుంచీ ఫొటో అంటే పక్కగదిలోకి వెళ్ళిపోతుంది, మాట్లాడితే చెయ్యి నోటికి అడ్డం వస్తుంది. తలెత్తి మాట్లాడమని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన మనిషి అలా ముఖం దాచుకుని తిరుగుతోంది. ఆ గోడ మీద ఆవిడ చోటు ఖాళీగానే మిగిలిపోతుందేమోనని భయపడ్డాను.

"నిన్నెవరూ చూడరక్కా. నువ్వే ఆయన్ని చూడాలి" అని బతిమాలాను.

"నువ్వు పక్కనుంటేనే వస్తాన్రా" అంది. అలా ఇన్నేళ్ళలో మొదటిసారి నేను కూడా ఆ తలుపు లోపల కూర్చున్నాను.

ఐదు నిమిషాల్లో ఆ గది క్లాసురూమైపోయింది.

"కదలకండి" అంది అక్క.

"సరే మేడమ్."

"మీ ఎడమ కన్ను కుడిదాని కన్నా కిందికుంది, తెలుసా?"

"అరవై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదండీ."

"సరిగ్గా చూసి ఉండరు."

ఒక చేత్తో అట్ట, ఒక చేత్తో పెన్సిలు పట్టుకున్న అక్కకు నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆ సంగతే మర్చిపోయి గీస్తోంది. అరగంట గడిచాక ఉన్నట్టుండి ఆగింది.

"ఒళ్ళో ఏమిటది?"

"ఏం లేదు మేడమ్."

"ముప్పై ఏళ్ళుగా వింటున్నానండీ ఆ మాట. ఇటివ్వండి."

ఆర్టిస్టుగారి చెవులు ఎర్రబడ్డాయి. మోకాళ్ళ మీద దాచుకున్న చిన్న అట్ట తెచ్చి ఇచ్చారు. దాని మీద అక్క బొమ్మ ఉంది. ఇప్పుడు లేచి వెళ్ళిపోయిందంటే అక్క ఇక జన్మలో ఎవరి ముందూ కూర్చోదు.

"తనని చూస్తున్నారని తెలిస్తే మనిషి బిగుసుకుపోతాడండీ" అన్నారాయన నెమ్మదిగా. "తనే చూసే పనిలో పడితే భయం మర్చిపోతాడు. అందుకే ముఖం మొదటిరోజే ఇలా దొంగతనంగా వేసేసుకుంటాను. రెండోరోజు కూర్చోబెట్టేది రంగులకే."

నేను అక్క భుజం మీంచి చూశాను. నోరు వంకరగానే ఉంది, వెంట్రుకవాసి కూడా సర్దలేదు. కానీ ఆ కళ్ళు, ఎదుటి మనిషిని ఒక్క తప్పు లేకుండా తెలుసుకుని తీరాలని పట్టుబట్టిన కళ్ళు. జడ్జీ, దర్జీ, పళ్ళ డాక్టరమ్మ, నేను ఫ్రేము కట్టిన ప్రతి బొమ్మలోనూ ఇదే చూపు. వంద బొమ్మల మధ్య పడేసినా ఈయన వేసిందేదో ఇట్టే చెప్పొచ్చు. ఆయన వెతుక్కుంటున్న శైలి పదిహేనేళ్ళుగా నా దుకాణంలోంచే వెళుతుంటే నేను అంచులు కొలుస్తూ కూర్చున్నాను. ఆయన పిచ్చి అనుకుని నవ్వుకున్నదంతా, భయపడేవాళ్ళ మీద ఆయనకున్న దయ.

అక్క అట్టను వెలుతురులో పెట్టుకుని చూసింది.

"నోరు వంకరగానే వేశారు."

"నా కన్ను మీరు కిందికే వేశారు కదండీ."

అక్క నవ్వింది, నోరంతా తెరిచి. తర్వాత సంచీలోంచి ఎర్రపెన్ను తీసి, బొమ్మ మూలన వందకు తొంభై అని వేసింది.

"పది ఎందుకు తగ్గించారు మేడమ్?" అన్నారు ఆర్టిస్టుగారు బెంగగా.

"జుట్టు నల్లగా వేశారు. నాది తెల్లబడి పదేళ్ళయింది. హాల్లో పెట్టే బొమ్మలో అబద్ధం ఉండకూడదండీ."

ఆర్టిస్టుగారు రబ్బరు తీసుకుని, తల వంచుకుని దిద్దడం మొదలుపెట్టారు.