రెప్పల వెనక మెలకువ

ఐసీయూలో ఆయా పాపక్క నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. గొట్టాలతో కదలక మెదలక పడున్న మనిషికి పక్క మార్చేటప్పుడు కూడా "ఇట్ల తిప్పుతుండా అప్పా, నడుం పట్టుకుంటా" అంటూనే ఉంటుంది. కొత్త నర్సులు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, వాళ్ళకేం తెలుసు.

2003లో ఆమె, మొగుడు వెంకటరాయప్ప మడకశిర నుంచి సర్జాపుర రోడ్డుకు అపార్ట్‌మెంట్ల పనికొచ్చి, రేకుల షెడ్డులో ఉండేవాళ్ళు. ఒకనాడు లేస్తూనే, నిద్దట్లో మెడ దగ్గర ఏదో చురుక్కుమన్నదన్నాడతను. చూస్తే గాటు లేదు, వాపు లేదు. మనవాళ్ళకో పరీక్ష ఉంది కదా, వేపాకు నమిలించడం. చేదు తెలిసిందంటే విషం ఎక్కనట్టే. "థూ, చేదు" అన్నాడతను. హమ్మయ్య అనుకుని పాపక్క ఇటుకలు మోయడానికి పోయింది. కానీ కరిచింది కట్లపాము. దాని విషానికి నాలుకతో పనేముంది? అది నరం చెప్పిన మాట కండరానికి చేరనివ్వదు. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత గొంతు పోతుంది, ఆఖరుకు ఊపిరి.

టిఫిన్ వేళకు వచ్చి పిలిస్తే పలకలేదు. ఆటోలో అతని తల ఒళ్ళో పెట్టుకుని, పక్కనున్న మేస్త్రీతో "అయిపోయినాడన్నా, ఊరికి కబురు పెట్టు" అంది. ఆసుపత్రి గుమ్మంలో ఊపిరి ఆగింది. "కళ్ళు తెరవలేకపోయినా దారిలో అన్నీ వినపడే ఉంటాయమ్మా" అన్నాడు డాక్టరు. ఆ ముక్క చెప్పకపోయినా బాగుండేది.

అప్పట్నుంచీ ఆమెకు ఒకటే ఆశ. ఆ ఆటో ఇంకొక్కసారి ఎక్కాలి, అతని చెవిలో నేనుండానని చెప్పాలి. పిచ్చి ఆశే. పోయిన పొద్దు తిరిగొస్తుందా?

తర్వాత ఆమె ఆసుపత్రిలో ఆయాగా చేరింది. 2008లో అక్కడికి దేవనహళ్ళి నుంచి కళ్యాణి అనే పిల్లను తెచ్చారు. ఆ పిల్లనూ కట్లపామే కరిచింది. నాలుగు దినాలు మిషను ఊపిరి మీదే ఉంది. గొట్టం తీసినాక బొంగురు గొంతుతో "నీ వాగుడంతా విన్నా అక్కా" అని నవ్వింది.

పాపక్క నవ్వలేదు. దగ్గరికి జరిగి, "చెడ్డ మాటలూ వినపడతాయా?" అంది.

"మా నాయన 'ఇది బతకదు' అని ఏడిస్తే విన్నా."

"కోపమొచ్చిందా తల్లీ?"

"లేదక్కా. ఏమన్నా మా నాయన గొంతే కదా. ఇంకాసేపు మాట్లాడితే బాగుండు అనిపిచ్చింది."

ఆనాడు "అయిపోయినాడన్నా" అన్నాక ఆటో ఆసుపత్రి చేరడానికి ఇంకో ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా పాపక్క నోరు తెరవలేదు.