కోడూరు దారిలో కుండ పట్టుకున్న మనిషి

మా అత్తగారి అస్థికలు సముద్రంలో కలపడానికి అనంతపురం నుంచి మా వ్యానులో బయలుదేరాం, మా ఆయనా నేనూ. సముద్రతీరం దగ్గర కోడూరు దాటాక రొయ్యల చెరువుల మధ్య బండి ఆగిపోయింది. మా ఆయన డీజిల్ ఫిల్టర్ మార్చారు. అయినా స్టార్టు కాలేదు.

"పైపుల్లో గాలి చేరింది. ఇది ఒక్కడి చేతుల్తో అయ్యేది కాదు. నేను పంపు కొడుతుంటాను, గాలి పోగానే నువ్వీ బోల్టు బిగించు" అన్నారు.

పొద్దు వాలుతోంది. చీకటి పడితే కలపకూడదు. నా చేతుల్లో మూతికి గుడ్డ కట్టిన అస్థికల కుండ. నీళ్ళు చేరేదాకా ఎక్కడా దించకూడదని మా ఇంటి పట్టింపు.

చెరువులో మేత చల్లుతున్న ఒకామె గట్టు దిగి వచ్చింది. "ఇటివ్వండి వదినగారూ, నేను పట్టుకుంటా."

"అస్థికలమ్మా" అన్నాను. మా వైపు పరాయివాళ్ళు వీటిని ముట్టుకోరు.

"ఆ మూతిగుడ్డ చూస్తే తెలీదేంటండీ?" అంటూ చేతులు కడుక్కుని, చెప్పులు విడిచి, కుండను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బోల్టు దగ్గర నురగ పొంగింది. నురగ పోయి డీజిల్ ధారగా రాగానే బిగించాను. ఇంజను అందుకుంది. కుండ కోసం చేతులు చాచాను. ఆమె ఇవ్వలేదు.

"మా అమ్మమ్మ ఉప్పెనలో కొట్టుకుపోయిందండీ. కలపడానికి మాకేమీ దొరకలేదు. నీళ్ళ దాకా నన్ను మొయ్యనివ్వండి."

మా ఆయన వ్యాను తలుపు తీశారు.

సముద్రంలో మోకాళ్ళ లోతున నిలబడి, ఆమె చేతుల్లోంచి కుండ అందుకుంటూ మా ఆయన, "మీ అమ్మమ్మ పేరేంటమ్మా?" అని ఆమెను అడిగారు. మా అత్తగారి పేరు పక్కనే ఆ పేరూ పైకి చెప్పి, కుండ వంచారు.