రెండు వైపులా బొట్టు

ఆదోనిలో రేడియోలు, టీవీలు బాగుచేసే ఉచ్చీరప్ప పాడైన పెట్టెలు విప్పి చూస్తూ పని నేర్చుకున్నవాడు. తాను చేయి పెట్టిన వస్తువుకు తానే పూచీ అన్నది ఆయన పద్ధతి.

1986లో బాడుగ సైకిళ్ల శేషన్న ఆయన దగ్గరికి ఒక ఆట పెట్టె తెచ్చాడు. టీవీకి తగిలిస్తే తెర మీద తెల్లచుక్క బంతిలా అటూ ఇటూ దూకేది. పిల్లలు ఇనుప పిడి పట్టుకుని ఆడేవారు. ఆ పాత టీవీ చెడిపోయింది. కొత్త టీవీలో ఆట రావడం లేదు.

"పెట్టె అమ్మినోడు టీవీది తప్పంటాడు, టీవీ అమ్మినోడు పెట్టె పాతదంటాడు. ఇంక జిమ్మా నీదే అప్పా," అన్నాడు శేషన్న.

ఉచ్చీరప్ప కొత్త టీవీ లోపలినుంచి నేరుగా తీగ లాగి పెట్టెకు కలిపాడు. ఆట వచ్చింది. కానీ ఆ టీవీ లోపలి రేకుకు కరెంటు తీగల్లో ఒకటి కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి పెడితే పిల్లలు పట్టుకునే పిడిలోకే కరెంటు వస్తుంది. అందుకని ప్లగ్గుకు ఒకవైపు ఎర్రరంగు చుక్క పెట్టాడు.

"ఈ సుక్క ఎప్పుడూ పైకుండాల. మరిస్తే పానం పోతాది అన్నా."

"ఇంత ఎర్రగా కనపడతాంటే యాడ మరుస్తాను!"

ఆయుధపూజ నాడు ఉచ్చీరప్ప అంగట్లో ఆయన భార్య పనిముట్లకు కుంకుమ పెడుతోంది. కరెంటు కొలిచే మీటరుకు ముందు పెట్టి, తిప్పి వెనకా పెట్టింది.

"ఎనకెందుకే?"

"ఒకపక్కే పెడితే సగం పూజే," అని నవ్విందామె.

ఉచ్చీరప్పకు ప్లగ్గు మీది ఎర్రచుక్క గుర్తొచ్చింది. శేషన్న అంగట్లోనూ ఈరోజు పూజే. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. దారిలో దండలు వేసిన లారీలు, పగిలిన గుమ్మడికాయలు. నేల మీద కుంకుమ కనపడినప్పుడల్లా ఇంకా వేగంగా ఉరికాడు.

శేషన్న అంగడి ముందు జనం. లోపల అరుపులు. ఉచ్చీరప్ప జనాన్ని తోసుకుని పోయాడు. దగ్గరికి పోతే తెలిసింది, అవి ఆట అరుపులే. శేషన్న కూతురు జయశ్రీ పత్తి మూట మీద కాళ్లు ముడుచుకుని పిడి తిప్పుతోంది. నేల కడిగిన తడిచేతులతో తల్లి హులిగమ్మ వంగింది.

"ఇయ్యవే, నేనొక ఆట ఆడతా."

"ముట్టొద్దు!" ఉచ్చీరప్ప ప్లగ్గు పీకేశాడు.

"గెలిసేదాన్ని మామా!" అని జయశ్రీ ఏడుపు మొహం పెట్టింది.

ప్లగ్గుకు రెండు వైపులా కుంకుమ ఉంది; తను పెట్టిన చుక్క ఎటువైపో తెలియడం లేదు. అందరినీ దూరం జరిపి, ముందున్నట్టే దాన్ని పెట్టి, పిడికి టెస్టరు ఆనించాడు. వెలిగింది. పొడి పత్తి మూట పిల్లను కాపాడింది.

"నేనే పెట్టినానప్పా," అంది హులిగమ్మ. "రెండోపక్క బోసిగా ఉందని..."

"నీ తప్పేముందమ్మా? ఆట సేసినోడు ఈడ లేడు, టీవీ సేసినోడూ లేడు. కలిపింది నేను. సుక్కను నమ్ముకున్నదీ నేనే."

ఆ తీగ తెంపేశాడు. అంగడికి పోయి, లోపలి చుట్టలు ఒకదానికొకటి తగలకుండా ఒక ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాడు. అది తెచ్చి కరెంటుకూ టీవీకీ మధ్య పెట్టి, ఆట పెట్టెను మళ్లీ కలిపాడు. ఇప్పుడు టీవీ రేకుకూ కరెంటు తీగకూ నేరుగా కలయిక లేదు, ప్లగ్గు ఎటు పెట్టినా ఒకటే. ఎటు పెట్టి చూసినా టెస్టరు వెలగలేదు. అయినా పిల్లలను రానివ్వలేదు. హులిగమ్మతో నేల మీద నీళ్లు పోయించి, ఆ తడిలో వట్టి కాళ్లతో నిలబడి పిడి పట్టుకున్నాడు.

"ఆడు మామా, బంతి పోతాంది!" అని జయశ్రీ అరిచింది.

బంతి పోయింది. ఆయన పిడి వదల్లేదు.