లైటు ఆరకముందే పీకిన పెన్‌డ్రైవు

మొన్న ఆదివారం మా అమ్మాయి తన లాప్‌టాప్‌లోంచి ఏవో ఫొటోలు పెన్‌డ్రైవులోకి ఎక్కించి, అయిపోయిందనగానే చటుక్కున లాగేసింది. పక్కన కాఫీ తాగుతున్న నేను "ఆగవే!" అని ఎంత గట్టిగా అరిచానంటే, వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. కాఫీ సగం లుంగీ మీద పడింది. "ఏం కాదు నాన్నా, ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తున్నారు" అని పిల్ల నవ్వేసింది. నిజమే, ఫొటోలన్నీ భేషుగ్గా ఉన్నాయి. కానీ ఆ పూటంతా నా మనసు మనసులో లేదు. ఎందుకో వాళ్ళిద్దరికీ చెప్పలేదు. ఆ మాటకొస్తే ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

రెండువేల దశకం మధ్యలో నాకు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో డీటీపీ సెంటరు ఉండేది. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక స్పైరల్ బైండింగ్ మిషను, బోలెడంత గర్వం. శుభలేఖలు, చర్చివాళ్ళ పాటల కరపత్రాలు, అన్నిటికంటే ఎక్కువగా ఇంజనీరింగు, ఎంసీయే పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు వచ్చేవి. ఫ్లాపీలు పోయి పెన్‌డ్రైవులు వచ్చిన రోజులవి. పిల్లలు వాటిని తాయెత్తుల్లా మెళ్ళో వేలాడేసుకుని తిరిగేవాళ్ళు. కాలేజీ ల్యాబుల్లో ఎన్ని వైరస్‌లున్నాయో అన్నీ వాటిలోనే ఊరేగేవి. కంప్యూటరుకి గుచ్చడం ఆలస్యం, తెర మీద దాని కిటికీ దానంతటదే తెరుచుకునేది, వెనకాలే వైరసూ వచ్చి లోపల బాసింపట్టు వేసుకుని కూర్చునేది. నెలకోసారి నాలుగు మిషన్లూ తుడిచి మళ్ళీ మొదట్నుంచీ నింపుకోలేక చచ్చేవాణ్ణి.

చివరికి విసుగెత్తి, గుమ్మం పక్కనున్న మిషన్లో లైనక్స్ అనే వేరే సిస్టం వేశాను. ఆ వైరస్‌లు దాని జోలికి రావు. ముందు అక్కడ శుభ్రం చేయనిదే ఏ పెన్‌డ్రైవునూ లోపలి మిషన్ల దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు. దానికి నేను పెట్టిన పేరు స్నానం. మంచి ఫైళ్ళన్నీ మిషన్లోకి తీసుకోవడం, పెన్‌డ్రైవును పూర్తిగా తుడిచేయడం, ఫైళ్ళు తిరిగి ఎక్కించడం, నా దగ్గరున్న కాపీ వెంటనే చెరిపేయడం. ఆడపిల్లల ఫొటోలవీ ఉంటాయి, పరాయి సొత్తు నా దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకూడదని పెద్ద నియమం పెట్టుకున్నాను. ఆ విషయంలో సెంటరుకి మంచి పేరు కూడా వచ్చింది. మొదట్లో నల్లటి తెర మీద 'మౌంట్' అని కమాండు కొడితేగాని పెన్‌డ్రైవు కనబడేది కాదు. పనయ్యాక 'అన్‌మౌంట్' కొట్టి, అది సరేననేదాకా ఆగి, అప్పుడు తీయాలి. తర్వాత కొత్త వెర్షన్ వేశాను. అందులో గుచ్చగానే పెన్‌డ్రైవు బొమ్మ దానంతటదే తెర మీద ప్రత్యక్షం! ప్రాణం లేచొచ్చింది. వచ్చేటప్పుడు దానంతటదే వచ్చింది గదా, పోయేటప్పుడూ దానంతటదే పోతుందిలే అనే ధీమాతో అన్‌మౌంట్ కొట్టడం మానేశాను. కాపీ అయిపోయిందని తెర చెప్పినా ఫైళ్ళు ఇంకా కంప్యూటరులోనే ఉండి మెల్లగా పెన్‌డ్రైవులోకి దిగుతుంటాయనీ, దిగినంతసేపూ దాని లైటు మినుకుమినుకుమంటుంటుందనీ నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

అప్పట్లో నా సెంటరుకి వచ్చే పిల్లల్లో ఒక అమ్మాయి ఉండేది, ఎంసీయే ఆఖరి సంవత్సరం. వాళ్ళ నాన్న కొల్లేటి వైపు నుంచి చేపలు తెచ్చి కంకిపాడులో అమ్మేవాడు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. హైదరాబాదులో ఉద్యోగం కూడా ఖాయమైంది, ఈ ఆఖరి పరీక్ష గట్టెక్కితే చేరిపోవడమే. ఆర్నెల్లు నా సెంటర్లోనూ, కాలేజీలోనూ కూర్చుని చేసిన ప్రాజెక్టు తన ఒక్క పెన్‌డ్రైవులోనే ఉంది. ఇంట్లో కంప్యూటరు లేదు, ల్యాబు మిషన్లు వారం వారం తుడిచేస్తారు. రిపోర్టు పుస్తకం ముందురోజే బైండింగ్ చేసిచ్చాను గాని, ప్రోగ్రాం నడిపి చూపించనిదే ఎగ్జామినరు పాస్ చేయడు. పరీక్ష రోజు పొద్దున్నే తండ్రీకూతుళ్ళు వచ్చారు. "వైరస్ ఉంటే ల్యాబులోకి రానివ్వరంట అన్నయ్యా, ఒక్కసారి స్నానం చేయించవా" అంది నవ్వుతూ. ఆయన లోపలికి రాలేదు. చేపల వాసన వస్తుందని ఎప్పుడూ మెట్టు దగ్గరే నిలబడేవాడు, నేనూ ఎప్పుడూ రమ్మనలేదు.

అవతల శుభలేఖ ప్రూఫు కోసం పెళ్ళివారు కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. గబగబా స్నానం కానిచ్చాను, నా దగ్గరి కాపీ చెరిపేశాను, పెన్‌డ్రైవు మీద చెయ్యి వేశాను. "అన్నయ్యా, ఇంకా లైటు ఆడుతోంది" అంది ఆ పిల్ల. "అదంతేలేమ్మా, నాకు తెలీదా" అని పీకి చేతిలో పెట్టాను. వాళ్ళ నాన్న "ఇటియ్యమ్మా, నేను జాగర్తగా పెడతా" అని తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. ఆ పిల్ల ఏడవడం లేదు, అదే చూడలేకపోయాను. పెన్‌డ్రైవు పెట్టి చూస్తే ఫోల్డరు పేరుంది, లోపల ఏమీ లేదు. చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది. నా మిషన్లో చెరిపేసిన చోట అప్పటికే మరో నలుగురి ఫైళ్ళు ఎక్కి దిగాయి, ఇక తిరిగి తీసే దారి లేదు. అయినా రెండు గంటలు ఏదో వెతుకుతున్నట్టు కీబోర్డు టకటకలాడించాను. అప్పుడు నా నోట్లోంచి ఊడిపడిన మాట ఇది: "జేబులో పెట్టారు గదండీ, చేపల ఐసు నీళ్ళు తగిలుంటాయి. వీటికి తడి పనికిరాదు."

"అన్నయ్యా, పొద్దున ఆ లైటు..." అని ఆ పిల్ల ఏదో అనబోయింది. "లైటుకీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నాను, కొంచెం గట్టిగానే. ఆయన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "నాదే బుద్ధిలేనితనం మేస్టారూ. చేతులు తుడుచుకోకుండా పట్టుకున్నా" అన్నాడు. పిల్ల నావైపు చూసింది. ఆ చూపు తప్పించుకోవడానికి నేను ప్రింటర్లో కాగితాలు సర్దుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ఒక్కడూ వచ్చాడు, గుడ్డసంచిలో రెండు కొర్రమీనులతో. "రెండు గంటలు మా కోసం శ్రమపడ్డారు" అన్నాడు. వద్దనాలి. వద్దంటే ఎందుకు వద్దంటున్నావని ఎవరైనా అడుగుతారేమోనన్నట్టు పుచ్చుకున్నాను. మా ఆవిడ పులుసు పెట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

ఆ పిల్లకి ఆర్నెల్లు పోయాయి, ఆ ఉద్యోగం పోయింది. మళ్ళీ మొదట్నుంచీ చేసుకుని తర్వాత బ్యాచ్‌తో పాసైందని విన్నాను. నా సెంటరు మెట్టు మాత్రం మళ్ళీ ఎక్కలేదు. నేనేం చేశానంటే, "లైటు ఆరే వరకు ఆగవలెను" అని పెద్దక్షరాలతో బోర్డు కొట్టి ఆ మిషను మీద అతికించాను. ఎంత జాగ్రత్త మనిషివయ్యా అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

మూడేళ్ళ కిందట కంకిపాడులో ఒక పెళ్ళిలో ఆయన కనిపించాడు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. చేపల పని మానేసి చాలా ఏళ్ళయిందట, కూతురు హైదరాబాదులో మంచి ఉద్యోగంలో ఉందట. నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో! ఇంతలో మనవరాలు పరుగెత్తుకొచ్చి, "తాతా, అమ్మ ఫోన్లో నీ ఫొటో చూడు" అని ఫోను చాపింది. ఆయన అందుకోలేదు. ముందు తువ్వాలుతో రెండు చేతులూ అటూ ఇటూ తుడుచుకున్నాడు, వేళ్ళ సందులు కూడా. అరచేతులు ఒకసారి చూసుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు.

"తడేం లేదుగదండీ" అన్నాను.

"ఏమో మేస్టారూ, అమ్మాయి వస్తువేది ముట్టుకోవాలన్నా భయమే. దాని ఆర్నెల్లు నా చేత్తోనే పోగొట్టాను గదా. మీకు తెలీందేముంది" అన్నాడు.

నోరు తెరిచాను. "వడ్డిస్తున్నట్టున్నారు, రండి" అన్నాను. పక్కపక్కనే కూర్చుని భోంచేశాం, పెరుగన్నం దాకా. ఆ రోజు నేను ఆగవలసింది అరనిమిషం. నిజం చెప్పడానికీ అంతకంటే పట్టదు. ఆ అరనిమిషం నా దగ్గర లేకపోయినందుకు, ఆయన ఇన్నేళ్ళుగా చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.