వారానికి ఏడు శనివారాలు

ఈ ఉదయం పక్కింట్లో పెనం మీద పెసరట్టు పడింది. అల్లం, జీలకర్ర, నెయ్యి కలిసిన ఆ వాసన గోడ దాటి రాగానే నాకు నవ్వొచ్చింది, వెంటనే సుభద్రమ్మగారు గుర్తొచ్చారు. డెబ్బైల్లో రేపల్లెలో నేను టీచరుగా కొత్తగా చేరిన ఆడపిల్లల బడికి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్, లెక్కల టీచరు. మనిషి భారీ. వరండాలో వస్తుంటే పిల్లలు గోడకు అతుక్కుని దారి ఇచ్చేవారు; అది సగం భయం, సగం అవసరం. పదో తరగతి మేడమీద ఉండేది. ఆ పిల్లలకు లెక్కలు చెప్పడమంటే ఆవిడకు ప్రాణం. ఆ ఏడు ఆయాసంతో మెట్ల మధ్యలో రెండుసార్లు కూలబడ్డారు. కమిటీ సెక్రటరీగారు మెత్తగానే చెప్పారు: "వేసవి సెలవుల తర్వాత కూడా ఎక్కలేకపోతే, పదో తరగతి ఈ కొత్తమ్మాయికి ఇచ్చేద్దామండి." ఆ కొత్తమ్మాయిని నేనే. పైకి అయ్యో అన్నాను గానీ లోపల సంబరపడ్డాను. దాచడమెందుకు?

ఆవిడ దీన్ని కూడా లెక్కలాగే పట్టుకున్నారు. మద్రాసులో డాక్టరుగా ఉన్న తమ్ముడు ఉత్తరం రాశాడు: లావు తగ్గడానికి విదేశాల్లో పేగును కుదించి కలిపే ఆపరేషన్ చేస్తున్నారట, తిన్నది ఒంటికి పట్టదట. ఆవిడ స్టాఫ్ రూము బోర్డు మీద నిలువు గీత గీసి ఒకవైపు 'కోత', మరోవైపు 'మందు' అని రాశారు. కోత కింద: త్వరగా తగ్గుతాను, విరేచనాలు, నీరసం, మత్తు ఇస్తే మళ్ళీ లేస్తానన్న హామీ లేదు. మందు కింద: ఆకలి తగ్గే మాత్రలు, పథ్యం, నడక, ఆలస్యం, మళ్ళీ పెరగవచ్చు. తెలుగు టీచరు ఆత్రంగా అడిగింది.

"కోతైతే పెసరట్టు తినొచ్చాండి?"

"తినొచ్చు. నిలవదంతే."

ఆ జవాబు చెబుతూనే ఆవిడ కోతవైపు మొగ్గారు. తెనాలి వెళ్ళి చూపించుకుంటే అక్కడి డాక్టరుగారు మాత్రం ఒప్పుకోలేదు. "మీ గుండె ఆపరేషన్‌కి తట్టుకోదండి. మాత్రలు వేసుకుని, రాత్రిళ్ళు అన్నం మానేయండి. మూడు నెలలు చూద్దాం," అన్నారు.

నెలకోసారి ఆవిడకు తోడుగా రైల్వే స్టేషన్‌కు వెళ్ళేదాన్ని. ఆవిడ బరువు తూచగలిగే కాటా పార్శిల్ ఆఫీసులోనే ఉండేది. రెండో నెల గుమాస్తా ముల్లు చూసి నసిగాడు.

"పెరిగారండి."

"నీ కాటా తప్పు."

"పొద్దున్నే నిజాంపట్నం చేపల బుట్టలు తూచానండి. బాగానే ఉంది."

దారిలో ఆవిడ తేల్చేశారు. "మందు పనికిరాదమ్మాయ్. కోతే. తమ్ముడికి రాసేస్తాను."

మర్నాడు సాయంత్రం ప్రశ్నపత్రాలు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ పీట మీద కూర్చుని ఉన్నారు. ఎదుట ఉప్మా పెట్టి మడిచిన పెసరట్లు నాలుగు. "రాత్రి అన్నం ముట్టి రెండు నెలలైంది. ఇంకేం చెయ్యమంటావు?" అన్నారు దిగులుగా. మావైపు శనివారం ఉపవాసమంటే రాత్రి అన్నం మాని టిఫిన్ తినడమే. దాన్నెవరూ తిండి కింద జమకట్టరు. ఆవిడ డాక్టరు మాటను నిష్ఠగా పాటిస్తూ వారానికి ఏడు శనివారాలు చేస్తున్నారు. నేను నోరు మూసుకుంటే పదో తరగతి నాది. కానీ మత్తు గురించి ఆవిడ రాసుకున్న మాట తలుచుకుంటే భయమేసింది.

"మేడమ్, టిఫిన్ కూడా తిండేనండి."

చెయ్యి ఆగింది. "శనివారం నాడు కూడానా?"

"శనివారం నాడు కూడానండి."

"మరి డాక్టరు చెప్పలేదేం?"

"ఆయనా శనివారాలు చేస్తారేమోనండి."

ఆవిడ పళ్ళెంలోంచి మూడు అట్లు పక్కకు తీశారు. ఆ ఉత్తరం రాయలేదు.

జూన్ నాటికి ఆవిడ సన్నబడలేదు. కాటా ముల్లు కాస్త వెనక్కి తగ్గిందంతే. బడి తెరిచిన రోజు మెట్ల మలుపులో రెండుసార్లు ఆగి, నా భుజం పట్టుకుని పైకెక్కారు. సెక్రటరీగారు పదో తరగతి గుమ్మంలోంచి తప్పుకుని దారి ఇచ్చారు. ఊపిరి కుదుటపడ్డాక ఆవిడ సుద్దముక్క తీసుకుని, పిల్లలందరి ముందూ 'టిఫిన్ = 0' అని రాసి కొట్టేశారు.

"ఇది నేను చేసిన తప్పు. పట్టుకున్నది ఈ టీచరు. ఊరుకుని ఉంటే ఈ క్లాసు తనదే అయ్యేది."

పిల్లలు నవ్వారు. నేను తలెత్తలేకపోయాను. నా మనసులోని లెక్క కూడా ఆవిడకు తెలుసన్నమాట.

తర్వాత రిటైరయ్యేదాకా, నా తప్పు ఏ పిల్ల పట్టుకున్నా బోర్డు మీదే కొట్టేసి పక్కన ఆ పిల్ల పేరు రాసేదాన్ని. రాసేముందు ప్రతిసారీ చెయ్యి వెనకాడేది. ఇప్పుడు మనవరాలికి లెక్కలు చెబుతూ తప్పు చేసినప్పుడు కూడా వెనకాడుతుంది. ఆ రోజు సుభద్రమ్మగారి చెయ్యి మాత్రం వెనకాడలేదు.