కోటయ్య రాసిచ్చిన నో క్లెయిమ్

2016లో నేను భద్రాచలంలో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. కాంట్రాక్టర్ల బిల్లులన్నీ నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. మా పనులు ఎక్కువగా అడవిలోపలి గూడేలకు రోడ్లు, కల్వర్టులు. పెద్ద కాంట్రాక్టర్లు అటు తొంగి కూడా చూడరు. అలాంటి పనులు పట్టేవాళ్లలో కల్లూరు కోటయ్య ఒకడు. మేస్త్రీగా మొదలై కాంట్రాక్టరైనవాడు. పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు, కాగితాల దగ్గర మాత్రం పసిపిల్లాడు.

ఆ ఏడు ఒక కల్వర్టు పని సగంలో ఉండగా వాగు పొంగి పక్క గట్టు కొట్టుకుపోయింది. మా ఇంజనీరు గారు వచ్చి చూసి, "రాతిగోడ కట్టెయ్ కోటయ్యా, ఎస్టిమేట్ మార్చి పంపిస్తం" అన్నారు. నోటిమాటే. కోటయ్య తన రెండెకరాలు తాకట్టు పెట్టి గోడ కట్టాడు. చేసిన పనిని కొలిచి రాసే ఎం.బుక్‌లో దాని కొలతలు కూడా ఎక్కాయి.

మార్చి నెలాఖరున కల్వర్టుకు మాత్రం డబ్బు వచ్చింది. ఆ బిల్లు పాస్ కావాలంటే 'నో క్లెయిమ్' కాగితం జతచేయాలి. ఈ పని మీద నాకిక రావలసిందేమీ లేదని కాంట్రాక్టర్ రాసిచ్చేది. దాన్ని మేమే టైపు చేసి, సంతకం చోట పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంచేవాళ్లం.

"ఏందన్నా ఇది, అంతా ఇంగ్లీషుల ఉన్నది?" అన్నాడు కోటయ్య.

"అందరూ పెట్టేదే. గోడ పైసలు సప్లిమెంటరీ బిల్లుల వస్తయ్. జల్దీ పెట్టు, టైం అయిపోతున్నది."

అతని భార్య అప్పుడు ఖమ్మం దవాఖానాలో ఉంది. చదివించుకునే తీరిక లేదు, సంతకం పెట్టేశాడు. నేను మోసం చేయాలనుకోలేదు. గోడ డబ్బులు వస్తాయని నేనూ నమ్మాను.

మార్చిన ఎస్టిమేట్ మంజూరు కాకుండానే తిరిగొచ్చింది. ఇంజనీరు గారు బదిలీ అయ్యారు. కోటయ్య రెండేళ్లు కాళ్లరిగేలా మా ఆఫీసు చుట్టూ తిరిగి, చివరికి హైకోర్టులో రిట్ వేశాడు.

కోర్టు నోటీసు వస్తే పేరావారీ రిమార్కులు పంపాలి. పిటిషన్‌లోని ఒక్కో పేరాకు ఆఫీసు ఇచ్చే జవాబన్నమాట. అది రాసే పని నాదే. ఫైలు తిరగేస్తుంటే ఆ కాగితం కనబడింది. ఫైలు మూసేసి, మళ్లీ తెరిచాను. చివరికి, పిటిషనర్ నో క్లెయిమ్ ఇచ్చి ఉన్నాడని రాశాను. కొత్తగా వచ్చిన అధికారి చదివి, "మంచి పాయింట్ పట్టినవయ్యా" అని భుజం తట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

కేసు కొట్టేశారు. రావలసిందేమీ లేదని రాసిచ్చాక మళ్లీ అడగడం కుదరదన్నారు. ఆ రోజు రికార్డులు పట్టుకుని నేనూ హైదరాబాదు వెళ్లాను. కోర్టు బయట కోటయ్య నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"చాయ్ తాగినవా అన్నా?" అని అడిగాడు. ఆ తర్వాత, "పొలం ఇగ పోయినట్టే. చదివి చెప్పకుండ పెట్టించిన్నని నువ్వొక్క ముక్క రాస్తే, జడ్జిగారు ఆలోచించేటోళ్లేమో గదా?" అన్నాడు.

"నా నౌకరీ పోతుండె కోటయ్యా."

"అవ్, పిల్లలున్నోడివి" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు. అందుకే ఇంకా నొప్పి.

రెండెకరాలూ అమ్ముడుపోయాయి. కోటయ్య ఇప్పుడు పెనుబల్లిలో ఇంకొకరి కింద మేస్త్రీ పని చేస్తున్నాడని విన్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ కాగితమైనా తెలుగులో చదివి చెప్పకుండా ఎవరిచేతా సంతకం పెట్టించలేదు. "నీకెందుకయ్యా ఈ పురాణం" అని విసుక్కున్నవాళ్లున్నారు. వినిపించాల్సిన మొదటి మనిషికి మాత్రం వినిపించలేకపోయాను. రిమార్కుల్లో నేను అబద్ధం రాయలేదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజమే, ఒక్క అబద్ధమూ లేదు. గోడ కట్టమన్నది మేమేనని, సంతకం పెట్టించింది నేనేనని కూడా అందులో లేదు.